గడప దాటించే బడి

కాళ్లూ చేతులూ బాగా ఆడేవాళ్లకే పని దొరకని కరవుసీమ అది. మరి ఆడనివాళ్ల సంగతేంటి? వయసు మీదపడ్డవాళ్ల సంగతేంటి? ‘ఓ మూల కూర్చోండి, ఇంత ముద్ద పెడతాం’ అన్న మాట దగ్గరే చాలామంది బతుకు ఆగిపోతుంది. ఆ మాటకి అనంతపురం పల్లెలు దాదాపు నలభై ఏళ్లుగా చెబుతున్న జవాబు ఒకటుంది. దాని పేరు... సంఘం!

అనంతపురం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కరవే. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలేమో కోస్తా దాటి ఇక్కడికొచ్చేసరికి నీరసించిపోతాయి. రెంటికీ చెడ్డ ఈ పీఠభూమి మీద ఏడాదంతా కలిపి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదైనా పంటకి కావలసినప్పుడు కురుస్తుందన్న పూచీ లేదు. ఎర్రనేలలో వేసిన వేరుసెనగ ఊడలు దిగే వేళకి చినుకు మొహం చాటేసిందా... ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కాల్సిందే.

కానీ చాలా ఇళ్లకి ఆ తాళం పడదు. ఎందుకంటే లోపల ఓ అవ్వ ఉంటుంది. మంచం దిగలేని ఓ తాత ఉంటాడు. పోలియోతో కాలు చచ్చుబడిన ఓ చిన్నాన్నో, చూపులేని ఓ మేనత్తో ఉంటారు. వలసపోయేవాళ్లు వాళ్లని వెంట తీసుకుపోలేరు. బస్తాడు బియ్యం పోసి, పక్కింటివాళ్లకి ఓ మాట చెప్పి వెళ్లిపోతారు. కరవు గురించి రాసిన లెక్కల్లో ఎండిన ఎకరాలుంటాయి, అడుగంటిన బోర్లుంటాయి. ఇలా ఇంట్లో మిగిలిపోయిన మనుషులు మాత్రం ఎక్కడా కనిపించరు.

మాటల కరవు

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లమంది. అరవై దాటినవాళ్లు పది కోట్ల పైనే. వీళ్లలో ఎక్కువమంది ఉండేది పల్లెల్లోనే. వాళ్లకి కావలసింది ఏమిటని అడిగితే తిండి, బట్ట, మందులు అని టకటకా చెప్పేస్తాం. నిజమే, అవి లేకుండా ఏదీ లేదు. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా తనతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి లేకపోతే? ‘యాడికి పోతావులే అవ్వా, ఆడనే ఉండు’ అన్నది తప్ప మరో మాట చెవినపడకపోతే?

అది కూడా ఆరోగ్య సమస్యే అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, ఏటా 8 లక్షల 71 వేల మరణాలకి దానితో సంబంధం ఉందనీ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదికలో చెప్పింది. అంటే గంటకి దాదాపు వందమంది! మతిమరుపు వ్యాధి మీద లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాల జాబితా ఇచ్చింది. మనం జాగ్రత్తపడితే తగ్గించుకోగలిగిన కారణాలవి. అందులో రక్తపోటు, మధుమేహాలతోపాటు పట్టించుకోని వినికిడి లోపం, పట్టించుకోని చూపు లోపం, నలుగురికీ దూరంగా బతకడం కూడా ఉన్నాయి. పెద్దాయనకి కళ్లజోడు పెట్టించడం, నలుగురిలో కూర్చోబెట్టడం... ఈ రెండూ ముద్దుమురిపాలు కావు, మందుబిళ్లలాంటివేనన్నమాట.

పేరు పెట్టి పిలిస్తే...

పల్లెల్లో ఓ పాత అలవాటుంది. కాలు లేనివాణ్ని కుంటోడంటారు. చూపు లేనివాణ్ని గుడ్డోడంటారు. మాట రాని పిల్ల మూగిది. అందులో ద్వేషమేమీ ఉండదు, అలవాటంతే. కానీ ఏళ్లు గడిచేసరికి ఆ మనిషికి అమ్మానాన్నా పెట్టిన పేరేమిటో ఊళ్లోవాళ్లకి గుర్తుండదు. రేషన్ కార్డులో తప్ప ఆ పేరు ఎక్కడా వినపడదు.

సంఘం మొదటి పాఠం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఏ సంఘానికైనా ఓ పుస్తకం ఉంటుంది. అందులో సభ్యుల పేర్లుంటాయి. సమావేశం మొదలవగానే హాజరు పిలవాలి. పేరు పిలిస్తే ‘ఉన్నా’ అనాలి. నోటితో అనలేనివాళ్లు చెయ్యి ఎత్తాలి. చూడ్డానికి చాలా చిన్న విషయం. ముప్ఫై ఏళ్లుగా వైకల్యం పేరుతోనే పిలిపించుకున్న మనిషికి మాత్రం అది చిన్నది కాదు. ఆ తరవాత పొదుపు డబ్బు లెక్క, పోయిన నెల అప్పు తీసుకున్నవాళ్ల వాయిదా, ఎవరి ధ్రువపత్రం ఏ ఆఫీసులో ఆగింది, ఎవరికి బస్ పాస్ రాలేదు... ఇలా ఒక్కొక్కటే మాట్లాడతారు. ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి. చిన్నపిల్లలయితేనో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లయితేనో వాళ్ల తరఫున అమ్మో నాన్నో కూర్చుంటారు.

పదిమంది ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో తెలుగునేలకి కొత్తగా చెప్పక్కర్లేదు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దారు. ఆ అక్షరాలతోపాటే ఊళ్లో సారా దుకాణం గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు ఉద్యమమై 1993లో సారా నిషేధం దాకా తీసుకెళ్లాయి. చదువు చెప్పే చోటు ఎప్పుడూ చదువు దగ్గరే ఆగిపోదు.

మన్మాడ్ నుంచి అనంతకి

అనంతపురంలో వికలాంగుల సంఘాల కథ చెప్పాలంటే ఆర్డీటీ... అంటే గ్రామీణాభివృద్ధి సంస్థ, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ గురించి చెప్పాలి. దాని వెనక ఉన్నది విన్సెంట్ ఫెర్రర్. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టిన ఆయన 1952లో జెసూట్ సభ తరఫున మన దేశం వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో కలిసి బావులు తవ్వించారు. అది గిట్టనివాళ్ల ఒత్తిడితో 1968లో దేశం విడిచి వెళ్లమని ఆయనకి ఉత్తర్వులొచ్చాయి. వేలమంది రైతులు ఆయన కోసం బొంబాయి బాట పట్టారు. చివరికి ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆయన తిరిగి రావడానికి అనుమతించింది. మహారాష్ట్రలో మళ్లీ చోటు దొరకలేదు. అలా 1969లో ఆయన అనంతపురం చేరుకున్నారు. మరుసటి ఏడాది జెసూట్ సభని వదిలి, ఇంగ్లండ్‌కి చెందిన పాత్రికేయురాలు అన్నే పెర్రీని పెళ్లి చేసుకున్నారు. జిల్లా జనం ఆయన్ని ‘ఫాదర్’ అనడం మాత్రం మానలేదు.

బావులు, చెక్‌డ్యాములు, బడులు, ఇళ్లు, బత్తలపల్లి, కల్యాణదుర్గం, కణేకల్లుల్లో ఆసుపత్రులు... ఇవన్నీ కళ్లకి కనిపించేవి. 1987లో మొదలైన పని మాత్రం అంతగా కనిపించదు. వైకల్యం ఉన్నవాళ్ల కోసం సంస్థ ఆ ఏడాది ప్రత్యేక విభాగం పెట్టింది. ఊరూరా సంఘాలు కట్టించడం ఆ విభాగం చేపట్టిన పని. 2009 జూన్ 19న ఫెర్రర్ కన్నుమూశారు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది. 2022లో జిల్లా రెండుగా విడిపోయి బత్తలపల్లి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, సంఘాలకి ఆ సరిహద్దుతో పనిలేదు.

పెరడే వ్యాయామశాల

వైకల్యం ఉన్నవాళ్లకి సాయమంటే ఒకప్పుడు పట్నంలో పెద్ద భవనం కట్టి వాళ్లని తీసుకెళ్లి అందులో ఉంచడమే. ఎంత పెద్ద భవనమైనా వందమందికో రెండొందలమందికో సరిపోతుంది. మిగిలినవాళ్ల మాటేమిటి? 1978 ఆల్మా ఆటా ప్రకటన తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో దారి చూపించింది. శిక్షణని మనిషి ఉన్నచోటికే తీసుకెళ్లడం, ఇంట్లోవాళ్లకీ ఊళ్లోవాళ్లకీ నేర్పించడం ఆ పద్ధతి. సమాజ ఆధారిత పునరావాసం అని దానికి పేరు. వినడానికి బరువుగా ఉంది కానీ, చేసే పని తేలిక.

నడక నేర్చుకునే పిల్లాడికి ఆసుపత్రిలో స్టీలు కడ్డీలుంటాయి. పల్లెలో వాటి బదులు రెండు వెదురు బొంగుల్ని పెరట్లో సమాంతరంగా పాతితే చాలు. వాటిని పట్టుకుని అటూ ఇటూ నడుస్తాడు. మస్తిష్క పక్షవాతం ఉన్న పసివాణ్ని పడుకోబెట్టి అన్నం పెడితే పొరబోతుంది. రెండు గోడలు కలిసే మూలలో దిండు వేసి, తల కాస్త ముందుకి ఉండేలా కూర్చోబెట్టి పెట్టాలి. బిగుసుకుపోయిన చేతిని ఎంత మెల్లగా, ఏ దిక్కుకి చాపాలో ఫిజియోథెరపీ తెలిసినవాళ్లు ఒకసారి వచ్చి చూపిస్తే, రోజూ చేసేది అమ్మే. నెలకోసారి పట్నం వెళ్లి చేయించేదానికన్నా రోజూ ఇంట్లో పావుగంట చేసేదే ఎక్కువ పనిచేస్తుంది. పైగా ఆ అమ్మకి కూలి పోదు, బస్సు ఛార్జీ ఉండదు.

కృత్రిమ అవయవాల విషయంలోనూ అంతే. 1968లో జైపూర్‌లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ, చేతిపని నిపుణుడు రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన జైపూర్ పాదం ఎందుకంత పేరు తెచ్చుకుంది? దానికి బూటు అక్కర్లేదు. దాంతో గొంతుకూర్చోవచ్చు, తడిమడిలో నడవచ్చు. అంటే మన రైతు బతుకుకి తగ్గట్టు తయారైందన్నమాట. మనిషిని సామానుకి తగ్గట్టు మార్చకుండా, సామానునే మనిషికి తగ్గట్టు మార్చారు.

ఆరు చుక్కలు, పది వేళ్లు

చూపులేని పిల్లలకి బ్రెయిలీ నేర్పుతారని అందరికీ తెలుసు. తెలుగులో అది ఎలా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? మొత్తం ఆరు చుక్కలు. ఎడమవైపు మూడు, కుడివైపు మూడు. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో స్థిరపరచిన భారతీ బ్రెయిలీ ప్రకారం ఒక్క చుక్క పెడితే ‘అ’. ‘మ’కి మూడు చుక్కలు. ‘అమ్మ’ అని రాయాలంటే నాలుగు గళ్లు కావాలి. ముందు అ, ఆ తరవాత ఇక్కడ ఒత్తు ఉందని చెప్పే చుక్క, దాని వెనక రెండు మలు. మనం కింద రాసే ఒత్తుని వాళ్లు వరసలోనే చదువుకుంటారు. అక్షరం మారింది కానీ అమ్మ మారలేదు. ఆర్డీటీ నడిపే ప్రత్యేక బడుల్లో చూపులేని పిల్లలు ఇలాగే వేళ్లతో చదువుకుని, పై చదువులకి వెళుతున్నారు.

వినపడని పిల్లల సంగతి మరో రకం. బడిలో వాళ్లు సైగల భాష నేర్చుకుంటారు. అదేదో తోచినట్టు చేతులు ఊపడం కాదు. దానికి వ్యాకరణం ఉంది, నిఘంటువు ఉంది. ఢిల్లీలో 2015లో ఏర్పాటైన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తెచ్చిన నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకి చేరింది. చిక్కల్లా ఏమిటంటే, పిల్ల బడిలో అంత భాష నేర్చుకుని సెలవులకి ఇంటికొస్తే... అమ్మకి అందులో ఒక్క మాటా రాదు. పిల్ల చేతులనిండా కబుర్లుంటాయి, వినేవాళ్లుండరు. అందుకే సైగల భాష తరగతి పిల్లలకొక్కరికే పెడితే సగం పనే. అమ్మకి, నాన్నకి, అన్నాచెల్లెళ్లకి, వీలైతే కిరాణా కొట్టాయనకి కూడా నేర్పాలి. తిన్నావా, నొప్పెక్కడ, ఎంత, ఎప్పుడొస్తావు, బాగుంది... ఇలాంటి యాభై సైగలు వస్తే చాలు, ఆ ఇంట్లో పండగే.

చేతికి పని, కాలికి ఆట

చదువు వయసు దాటిపోయినవాళ్లకి చేతిపని ఉంది. ఆర్డీటీ నడిపే హస్తకళల కేంద్రాల్లో వైకల్యం ఉన్న మహిళలు కుట్లు, అల్లికలు, అలంకరణ వస్తువుల తయారీ నేర్చుకుంటారు. వాళ్ల చేతుల్లో తయారైనవి స్పెయిన్‌లో దుకాణాలకి వెళుతున్నాయి. పెళ్లి కాదని, పని చేయలేదని ఇంట్లో దిగులుపడ్డ ఆడపిల్ల నెలనెలా డబ్బు తెచ్చి తల్లి చేతిలో పెడితే ఆ ఇంట్లో ఆమె మాటకి విలువ ఎలా పెరుగుతుందో వేరే చెప్పాలా!

ఆటలూ ఉన్నాయి. అనంతపురంలోని ఆర్డీటీ క్రీడాగ్రామంలో మామూలు పిల్లలతోపాటు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకీ శిక్షణ ఇస్తారు. టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ పేరుతో అక్కడే 2010లో ఓ కేంద్రం తెరిచారు. ఆ ఏడాది నాదల్ స్వయంగా వచ్చి పల్లెపిల్లలతో టెన్నిస్ ఆడి వెళ్లాడు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1968లో అమెరికాలోని షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ ప్రపంచానికి నేర్పిన సంగతి ఒక్కటే... వీళ్లూ ఆడగలరు, గెలవగలరు, ఓడిపోతే అందరిలాగే ఉక్రోషపడగలరు. ఆ ఉక్రోషం చూసినప్పుడే తల్లిదండ్రులకి తమ బిడ్డ అందరిలాంటిదే అనిపిస్తుంది.

పోలియో తరానికి అరవై

ఇప్పుడో కొత్త సమస్య. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. ఎంత మంచి కబురో! కానీ అంతకుముందే ఆ జబ్బు బారిన పడ్డవాళ్లు ఎక్కడికి పోతారు? సంఘాలు మొదలైన 1987 ప్రాంతంలో ఇరవై ఏళ్ల యువకులుగా చేరినవాళ్లు ఇవాళ అరవైకి చేరువయ్యారు. ఇన్నాళ్లూ ఒంటికాలి మీద, చేతికర్ర మీద భారమంతా మోసిన భుజాలూ, మణికట్లూ అరిగిపోయాయి. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లకి కొన్ని దశాబ్దాల తరవాత కండరాల్లో మళ్లీ కొత్తగా నీరసం మొదలవుతుందని వైద్యులంటారు. కర్రతో నడిచిన మనిషికి ఇప్పుడు చక్రాల కుర్చీ కావాలి.

అంటే వికలాంగుల సంఘం తనకి తెలియకుండానే వృద్ధుల సంఘంగా మారుతోంది. మరోవైపు మొన్నటిదాకా ఏ వైకల్యమూ లేని పెద్దవాళ్లకి కంటిలో శుక్లాలు, చెవుడు, మోకాళ్లనొప్పులు, పక్షవాతం వస్తున్నాయి. వాళ్లు అవునన్నా కాదన్నా ఈ సంఘంలోకే వచ్చి చేరుతున్నారు. వైకల్యం అనేది ఎవరో కొందరి సమస్య అనుకుంటాం కానీ, ఎక్కువకాలం బతికే అదృష్టం ఉన్న ప్రతివాళ్లూ ఏదో ఒకరోజు ఆ గుమ్మం ముందు నిలబడాల్సిందే. ఇవాళ ఊళ్లో ఓ ర్యాంపు కడితే అది ఎవరికోసమో కాదు, రేపటి మనకోసమే.

కోలాటమూ వైద్యమే

65 ఏళ్లు దాటినవాళ్లలో ఏటా నూటికి 28 నుంచి 35 మంది ఎక్కడో ఒకచోట జారి పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తుంటి ఎముక విరిగితే పెద్దవాళ్లు మళ్లీ లేవడం ఎంత కష్టమో ప్రతి ఇంటికీ తెలుసు. పడకుండా ఉండాలంటే ఒంటికి తూకం నిలుపుకోవడం రావాలి. అందుకోసం వారానికి మూడు రోజులు కాళ్ల బలానికీ తూకానికీ పనికొచ్చే కసరత్తు చేయాలని ఆ సంస్థ 2020లో సూచించింది. విదేశాల్లో దీనికోసం వృద్ధుల కేంద్రాల్లో తరగతులు పెడతారు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడటం, గీత మీద నడవడం... ఇవీ ఆ తరగతుల్లో చేయించేవి.

వాటిని చదువుతుంటే రాయలసీమవాళ్లకి ఏం గుర్తు రావాలి? కోలాటం! అడుగు ముందుకి, అడుగు వెనక్కి, పక్కకి తిరగడం, ఎదుటివాళ్ల కర్రకి తన కర్ర తగిలించడం, పాట గుర్తుపెట్టుకోవడం... ఇన్నీ ఒకేసారి. చెక్కభజనా అంతే. లేవలేనివాళ్లు కూర్చునే తాళం వేయొచ్చు. చూపులేనివాళ్లు పాట ఎత్తుకోవచ్చు. నిజానికి ఊరి భజన బృందంలో చూపులేని గాయకుడికి ఎప్పుడూ పెద్దపీటే. మన పెద్దవాళ్ల తరగతికి సిలబస్ ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు. గుడి ముందు అరుగు మీదే ఉంది. దాన్ని వారానికోసారి, వేళకి, అందర్నీ పిలిచి చేయడమే మనం చేయాల్సింది.

పింఛను వచ్చింది... మనిషి?

2024 జులై నుంచి రాష్ట్రంలో వృద్ధులకి నెలకి 4,000 రూపాయలు, వైకల్యం ఉన్నవాళ్లకి 6,000 రూపాయలు పింఛను అందుతోంది. ఒకటో తేదీన ఉద్యోగులే ఇంటికొచ్చి చేతిలో పెడుతున్నారు. కరవుసీమలో అది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బుతో ఇంట్లో పెద్దవాళ్ల మాటకి మళ్లీ బలం వచ్చింది. ఒకప్పుడు పింఛను కోసం ఎండలో బారులు తీరి సొమ్మసిల్లిన రోజులు పోయాయి.

అయితే ఆ బారులో మరోటి కూడా పోయింది. నెలకోసారి బయటికొచ్చి నలుగురిని పలకరించే అవకాశం. ఎండలో నిలబెట్టడం తప్పే, దాన్ని ఎవరూ మళ్లీ కోరుకోరు. కానీ డబ్బు గడపలోపలికి వచ్చినంత తేలిగ్గా మనిషి గడప బయటికి రావడంలేదు. తీసుకెళ్లేవాళ్లు లేక కొందరు, తీసుకెళితే ఆ రోజు కూలి పోతుందని కొందరు, ‘ఈ వయసులో నీకెందుకు’ అంటారని కొందరు ఇంట్లోనే ఉండిపోతున్నారు. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఆ ఒక్క పని ప్రభుత్వం చేయలేదు, స్వచ్ఛంద సంస్థా ఒంటరిగా చేయలేదు. పక్కింటివాళ్లు చేయాలి.

ఆర్డీటీ పనులకి దన్ను స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు పంపే విరాళాలు. 2025లో సంస్థకి విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడినప్పుడు జిల్లా జనం రోడ్లెక్కి ర్యాలీలు తీశారు. మరి వాళ్లకి అది తమ ఇంటి కష్టమే. ఆ సంఘటన మరో సంగతీ గుర్తుచేసింది. ఆసుపత్రికి, ప్రత్యేక బడికి బయటి డబ్బు కావాలి. ఊరి సంఘానికి, సాయంత్రం తరగతికి మాత్రం ఓ చాప, ఓ దీపం, పిలిచేవాళ్లు ఓ ఇద్దరు ఉంటే చాలు. అంత తక్కువతో నడిచేదాన్ని నడపకపోవడానికి ఏ ఊరికైనా సాకు దొరకదు.

ఐదుగురుంటే చాలు

మామూలు స్వయంసహాయక బృందానికి కనీసం పదిమంది కావాలి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకం నిబంధనల ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లయితే ఐదుగురున్నా బృందం కట్టుకోవచ్చు. వాళ్ల బృందాల్లోనూ వృద్ధుల బృందాల్లోనూ ఆడా మగా కలిసి ఉండొచ్చు. మీ ఊళ్లోనో, మీ వీధిలోనో మొదలుపెట్టాలనుకుంటే...

చోటు: మెట్లు లేనిదై ఉండాలి. దగ్గర్లో నీళ్లూ మరుగుదొడ్డీ ఉండాలి. ఎంత దగ్గరయితే అంత మంచిది. వీధి చివర అనుకున్నది ఊరి చివర పెడితే సగంమంది రారు.

వేళ: పొలం పనులు ముగిసి, ఎండ తగ్గాక. వేరుసెనగ కోతల రోజుల్లో వారం మార్చుకోవచ్చు కానీ మానెయ్యకూడదు. ఒకసారి తప్పితే రెండోసారి పిలవడం కష్టం.

తీసుకొచ్చేవాళ్లు: ఎవరిని ఎవరు తీసుకురావాలో ముందే వంతులు వేసుకోవాలి. సెలవుల్లో ఉండే కాలేజీ పిల్లలు దీనికి బాగా పనికొస్తారు.

గంటసేపు ఏం చేయాలి: హాజరు, ఓ పావుగంట కసరత్తు, పాటో భజనో, తరవాత ఒక కొత్త విషయం. ఫోన్‌లో వీడియో కాల్ చేయడం, సంతకం పెట్టడం, ఐదు సైగలు నేర్చుకోవడం... ఏదైనా సరే. చివర్లో అందరికీ మాట్లాడే వంతు.

కాగితాలు: దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ, ఎవరికి లేదో చూసి దరఖాస్తు చేయించాలి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21కి పెంచింది. తలసీమియా, పార్కిన్సన్స్ లాంటివీ ఇప్పుడు అందులో ఉన్నాయి. ఆ సంగతి తెలియక దరఖాస్తు చేయనివాళ్లు మీ వీధిలోనే ఉండొచ్చు. నిరాదరణకి గురయ్యే పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

చేయకూడనిది: జాలి పడటం. వచ్చినవాళ్లని వరసగా కూర్చోబెట్టి పండ్లు పంచి ఫొటోలు దిగితే అది సంఘం కాదు. సంఘంలో పండు తినేవాళ్లే పండు పంచాలి, పద్దు రాయాలి, వచ్చేవారం ఏం చేయాలో తేల్చాలి.

మొదటివారం ముగ్గురే రావచ్చు. ఫర్వాలేదు. ఆ ముగ్గురి పేర్లూ పుస్తకంలో రాయండి. రెండోవారం రానివాళ్ల పేర్లు కూడా పిలవండి. ‘నీ పేరు పిలిచారవ్వా’ అని ఎవరైనా వెళ్లి చెబితే చాలు... నాలుగోవారానికి ఆ అవ్వే చేతికర్ర వెతుక్కుంటుంది.